ముప్పై ఎనిమిది సైజు కార్బ్యురేటర్

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి శవం మీద ఎవరో టార్పాలిన్ కప్పారు. బూట్లు మాత్రం బయటే ఉన్నాయి.

ఉదయం ఏడు దాటింది. మట్టి ట్రాక్ మీద మంచు తడి ఇంకా ఆరలేదు. నేరుగా సాగే దారి ఎక్కడ ఆగి మలుపు తిరుగుతుందో సరిగ్గా అక్కడ, గట్టు అవతల, ఒక పెద్ద బండరాయి. దాని పక్కనే శవం. ఇంకొంచెం దూరంలో బోర్లా పడ్డ రేసు బండి.

పోయినవాణ్ణి అందరూ పిడుగు అంటారు. ఇరవై ఆరేళ్ళు. మట్టి ట్రాకు పందేల్లో మూడేళ్ళుగా వాడు ఎవరి దుమ్మూ తినలేదు. అందరూ వాడి దుమ్మే తిన్నారు. వచ్చే ఆదివారం పెద్ద పందెం. అందుకే ఈ పొద్దున్నే ప్రాక్టీసు.

"ఎవరు చూశారు?"

"నేను సార్." ముందుకొచ్చాడు ఒక కుర్రాడు. పిడుగుకి తమ్ముడు. వాడూ రేసు బళ్ళు తోలేవాడే. ఇంట్లోనూ బయటా వాడి పేరు చిన్నోడే. మీసాలొచ్చినా ఆ పేరు వాణ్ణి వదల్లేదు.

"ఏం చూశావు?"

"స్ట్రెయిట్ చివర ఇంజన్ పట్టేసింది సార్. సౌండ్ ఠక్కున ఆగిపోయింది. వెనక చక్రం లాక్ అయింది. అన్న ఎగిరి ఆ బండకి..."

చేత్తో బండరాయిని చూపించాడు.

"నువ్వెక్కడున్నావు?"

"గట్టు మీద. టైమింగ్ చూస్తున్నా."

"నీ బండి?"

"స్టాండు మీదే ఉంది సార్. ఇవాళ స్టార్టే చెయ్యలేదు."

ఇన్‌స్పెక్టర్ తల ఊపాడు. టూ స్ట్రోక్ ఇంజన్ పట్టేయడమంటే ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయనకి ఓ పాత టూ స్ట్రోక్ స్కూటర్ ఉండేది. రెండుసార్లు నడిరోడ్డు మీద పట్టేసింది. రెండోసారి వెనక సీటు మీద కొత్త పెళ్ళాం ఉంది. ఆవిడ దిగి, ఒక్క మాట మాట్లాడకుండా, ఇంటిదాకా నడిచి వెళ్ళింది. ఆ ముచ్చట ఇప్పటికీ ఆవిడ చుట్టాలందరికీ చెబుతూనే ఉంటుంది.

ఆ ఇంజన్లలో నూనె విడిగా ఉండదు. పెట్రోల్లోనే కలిపి పోస్తారు. పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గినట్టే. పిస్టన్ వేడెక్కి ఉబ్బి సిలిండర్‌ని కరుచుకుంటుంది. నిండు వేగంలో అలా జరిగితే బతికి బయటపడ్డవాడు అదృష్టవంతుడు.

ఇంతలో ఓ జీపు వచ్చి ఆగింది. అందులోంచి ముగ్గురు దిగారు. తల్లి. ఆమె అన్న. వెనక స్పేర్ పార్ట్స్ షాపు షావుకారు, ఈ అన్నదమ్ముల రేసుల ఖర్చు భరించేవాడు.

తల్లి టార్పాలిన్ పక్కన కూలబడింది. ఏడవలేదు. కొడుకు బూటుకి అంటిన మట్టిని చేత్తో తుడుస్తూ కూర్చుంది.

ఆమె అన్న శవం దగ్గరికి రాలేకపోయాడు. అరవై దాటిన మనిషి. ఆ చుట్టుపక్కల టూ స్ట్రోక్ బళ్ళు తోలేవాళ్ళందరికీ ఆయన మేస్త్రి. మేనల్లుళ్ళిద్దరి బళ్ళూ ఆయన చేతిలో తయారైనవే. దూరం నుంచే, "ఏమైంది రా?" అని అడిగాడు.

"పట్టేసింది మామయ్యా," అన్నాడు చిన్నోడు.

మేస్త్రి ఉన్నచోటే చతికిలబడ్డాడు. "నా చేత్తోనే చంపుకున్నాను," అన్నాడు.

చెల్లెలు తలెత్తి అన్నని చూసింది. ఆ చూపుని ఇన్‌స్పెక్టర్ భరించలేకపోయాడు. పక్కకి తిరిగాడు.

అంబులెన్సు వచ్చింది. అందరూ ఆసుపత్రికి బయల్దేరారు. "రెండు బళ్ళనీ నేను మామయ్య షెడ్డుకి చేరుస్తా సార్," అన్నాడు చిన్నోడు. ఇన్‌స్పెక్టర్ సరేనన్నాడు. అలా అన్నందుకు తర్వాత తనని తాను తిట్టుకోని గంట లేదు.

మధ్యాహ్నం షావుకారు స్టేషన్‌కి వచ్చి ఒంటికాలి మీద లేచాడు.

"ఇది యాక్సిడెంట్ కాదు సార్. మేస్త్రి మొండితనం. వారం నుంచి ఆ మామా అల్లుళ్ళకి ఒకటే గొడవ."

"దేని గురించి?"

"కార్బ్యురేటర్ గురించి. ఆ ఇంజన్ మామూలుగా లేదిప్పుడు. సిలిండర్ పోర్టులు పెద్దవి చేశారు. హెడ్ కోశారు. సైలెన్సర్ పైపు మార్చారు. అంత ఇంజన్‌కి పాత ముప్పై నాలుగు సైజు కార్బ్యురేటర్ ఏం ఆనుతుంది? పిడుగు ముప్పై ఎనిమిది అడిగాడు. నేను తెప్పించి ఇచ్చాను. మేస్త్రి వద్దంటే వద్దన్నాడు. అది పెడితే చస్తావురా అని నలుగురి ముందూ అన్నాడు సార్. నా చెవులతో విన్నాను."

ఇన్‌స్పెక్టర్ అప్పుడే షెడ్డుకి వెళ్ళి బండికి సీలు వేయించాడు. డిపార్ట్‌మెంట్ మెకానిక్ కార్బ్యురేటర్ అడుగున ఉన్న పెద్ద నట్టు విప్పాడు. లోపలి నుంచి వేలిగోరంత ఇత్తడి ముక్క తీశాడు. దాన్ని జెట్ అంటారు. దాని మధ్యనున్న సన్నటి రంధ్రంలోంచే ఇంజన్‌కి పెట్రోలు వెళ్ళాలి. మెకానిక్ భూతద్దం పెట్టి నంబరు చదివాడు.

"నూట నలభై సార్."

వాళ్ళతోనే వచ్చిన మేస్త్రి గోడకి జారగిలబడ్డాడు.

"ఎంత ఉండాలి?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"నూట డెబ్బై. నూట నలభై పాత చిన్న కార్బ్యురేటర్‌లోది, రంధ్రం సన్నం. ఇందులో పెడితే పెట్రోలు చాలదు."

"అసలు పెద్ద కార్బ్యురేటర్ ఎందుకు వద్దన్నారు?"

"నోరు పెద్దదైతే గాలి మెల్లగా వస్తుంది సార్. పైన స్పీడు దొరుకుతుంది గానీ తక్కువ స్పీడులో లాగదు. ఆ ట్రాకులో స్ట్రెయిట్ ఒక్కటే, మిగతావన్నీ మలుపులే. చిన్నది పెడితే మలుపులోంచి దూకుతుంది. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. వినలేదు."

"మరి ఎందుకు పెట్టారు?"

"మేనల్లుడు సార్. ఎంతకని కాదంటాను? పొద్దున్నే బిగించాను. దానికి తగ్గ జెట్ కూడా చూసే..." ఆగిపోయాడు. "చూశాననే అనుకున్నాను. రెండు జెట్లూ బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి. ఏడాది నుంచి నాకు కళ్ళు సరిగా ఆనడం లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే బళ్ళు ఎవరిస్తారు? మార్చి పెట్టేసి ఉంటాను సార్. అంతే అయుంటుంది."

అలమారలో పాత కార్బ్యురేటర్ ఉంది. దాని అడుగు విప్పి ఉంది. జెట్ ఉండాల్సిన చోటు ఖాళీ.

అన్నీ అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. సాయంత్రానికి మేస్త్రి లాకప్‌లో ఉన్నాడు.

మర్నాడు పొద్దున తల్లి స్టేషన్‌కి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఒక్క మాట చెప్పండి సార్. నా కొడుకు మా అన్నయ్య వల్లే పోయాడా?"

"ఆయనే ఒప్పుకున్నాడమ్మా."

"ఒప్పుకున్నాడా అని కాదు. జరిగిందా అని అడుగుతున్నాను. మా ఆయన పోయాక నా పిల్లల్ని గుండెల మీద పెంచింది మా అన్నయ్య. దానికోసం పెళ్ళి కూడా మానుకున్నాడు. ఇప్పుడు ఆ మనిషిని అసహ్యించుకోవాలో వద్దో తెలియక చస్తున్నాను. సాయంత్రం కోర్టుకి తీసుకెళ్తారట కదా. ఆలోపు తేల్చండి. పుణ్యముంటుంది."

ఆమె వెళ్ళిపోయింది. ఇన్‌స్పెక్టర్ చాలాసేపు టేబుల్ మీదున్న ఇత్తడి ముక్కనే చూస్తూ కూర్చున్నాడు.

ఏదో లెక్క కుదరడం లేదు. ఏమిటది?

రెండు జెట్లు. ఒకటి బదులు ఇంకొకటి పెట్టాడు. సరే. చెప్పులు తారుమారు చేసి తొడుక్కెళ్ళినవాడి చెప్పులు గుమ్మంలో మిగలాలి కదా?

గబుక్కున లేచాడు. "హెడ్డూ, జీపు తియ్యి."

షెడ్డంతా జల్లెడ పట్టారు. బల్ల మీద, కింద, సొరుగుల్లో, డబ్బాల్లో, చెత్తబుట్టలో వెతికారు. ఎనభై నుంచి రెండు వందల దాకా రకరకాల జెట్లు దొరికాయి. నూట డెబ్బై మాత్రం లేదు.

"పోయుంటుందేమో సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"పొరపాటు చేసినవాడు మిగిలినదాన్ని ఎందుకు దాస్తాడయ్యా?"

అక్కణ్ణుంచి నేరుగా ట్రాకు దగ్గరికి పోనిచ్చారు. ట్రాకుని ఆనుకుని ఇటుకల బట్టీ ఒకటి ఉంది. దాని వాచ్‌మన్‌ని నిన్న ఎవరూ ఏమీ అడగలేదు. ఇన్‌స్పెక్టర్ మనసులో ఇంకో తిట్టు తిట్టుకున్నాడు.

"నిన్న పొద్దున ఏం విన్నావు?"

"రోజూ వినేదే సార్. చెవులు చిల్లులు పడే గోల."

"ఎన్ని బళ్ళు?"

"మొదట ఒకటే. తర్వాత రెండోది కూడా మొదలైంది. రెండూ ఒకేసారి అరిచాయి. ఓ పెద్ద చప్పుడు. ఒకటి ఆగిపోయింది. రెండోది కాసేపు టకటకమని ఆగింది."

"రెండు బళ్ళు. కచ్చితంగానా?"

"నాకు చదువు రాదుగానీ సార్, రెండు దాకా లెక్క వచ్చు."

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. ఆ తల్లికి ఇంక మిగిలింది ఒక్క కొడుకే.

మధ్యాహ్నం మేస్త్రిని షెడ్డుకి తీసుకొచ్చారు. తల్లినీ చిన్నోణ్ణీ షావుకారునీ కూడా పిలిపించారు. ఇన్‌స్పెక్టర్ అందర్నీ బయటికి పంపి తలుపు దగ్గరికి వేశాడు.

"మేస్త్రి గారూ, ఇంజన్ విప్పి చూశారా మీరు?"

"లేదు సార్. ముట్టుకోబుద్ధి కాలేదు."

"నేనూ విప్పించలేదు. ఎవరూ విప్పలేదు. పట్టేసిందన్నారు, మనమంతా తలలూపాం. స్ట్రెయిట్ చివర టూ స్ట్రోక్ బండివాడు ఎగిరిపడితే మీ లోకంలో ఇంకో మాటే రాదనుకుంటా."

"అంతే కదా సార్. ఇంకేం జరుగుతుంది?"

"ఆ స్పార్క్ ప్లగ్ తీయండి."

మేస్త్రి ప్లగ్ పానా తీసుకున్నాడు. అలవాటైన పని, నిమిషంలో అయిపోయింది. ప్లగ్‌ని కిటికీ వెలుతురులోకి, కళ్ళకి బాగా దగ్గరగా పట్టుకుని చూశాడు.

ఇన్‌స్పెక్టర్ ప్లగ్‌ని చూడలేదు. మేస్త్రి మొహాన్నే చూస్తున్నాడు.

ముందు ఆ మొహం విచ్చుకుంది. మోస్తున్న బరువేదో భుజాల మీంచి జారిపోయినట్టు. ఒక్క క్షణం. ఆ తర్వాత కళ్ళు గోడ పక్కనున్న రెండో బండి మీదికి, చిన్నోడి బండి మీదికి వెళ్ళాయి. అక్కడే ఆగిపోయాయి.

గుప్పిట మూసుకుంది.

"నాకు గుర్తొచ్చింది సార్," అన్నాడు మేస్త్రి. గొంతు మారిపోయింది. "నూట నలభై నేనే పెట్టాను. నా చేత్తోనే బిగించాను. నాకు బాగా గుర్తుంది."

"నిన్న 'అయుంటుంది' అన్నారు."

"ఇవాళ గుర్తొచ్చింది."

"ప్లగ్ ఇవ్వండి."

"పాడైపోయింది సార్. ఎందుకూ పనికిరాదు."

ఇన్‌స్పెక్టర్ తలుపు తీశాడు. "హెడ్డూ, ఆ ముగ్గుర్నీ పిలువు."

షెడ్డులో నలుగురూ నిలబడ్డారు. తల్లి తలుపు దగ్గర. షావుకారు బల్లకి ఆనుకుని. చిన్నోడు తన బండి పక్కన. మేస్త్రి గుప్పిట మూసుకుని మధ్యలో.

"షావుకారు గారూ, నిన్న పొద్దున ట్రాకు నుంచి ఎక్కడికి వెళ్ళారు?"

"ఆసుపత్రికి సార్. మధ్యాహ్నం దాకా అక్కడే ఉన్నా. ఈవిడా మేస్త్రీ నా పక్కనే ఉన్నారు."

"చిన్నోడా, నువ్వు?"

"బళ్ళు తెచ్చి ఇక్కడ పెట్టాను సార్. తర్వాత వచ్చాను."

"ఎంతసేపటికి?"

"కొంచెం... గుర్తులేదు సార్."

"గంటన్నరకి," అన్నాడు షావుకారు. "నేనే ఫోన్ చేసి పిలిచాను."

"నిన్న నీ బండి స్టార్ట్ చేశావా?"

"లేదని చెప్పాను కదా సార్."

"బట్టీ వాచ్‌మన్ రెండు బళ్ళ చప్పుడు విన్నాడు."

చిన్నోడు నీళ్ళు నమిలాడు. "వాడికేం తెలుసు సార్?"

"సరే. ఇంకో సంగతి. మీ మామయ్య జెట్లు తారుమారు చేశాడన్నారు. నూట నలభై ఇందులోకి వస్తే నూట డెబ్బై బల్ల మీద మిగలాలి. షెడ్డంతా వెతికించాను. లేదు. అంటే తారుమారు జరిగింది ఇక్కడే గానీ, ప్రమాదానికి ముందు కాదు. తర్వాత. కింది నట్టు విప్పితే నాలుగు నిమిషాల పని. ఇందులోని నూట డెబ్బై తీసి, బల్ల మీదున్న పాతదాని నూట నలభై ఇందులో బిగించారు. తీసింది ఇక్కడ పారేస్తే దొరుకుతుంది కాబట్టి జేబులో వేసుకున్నారు."

"ఊహలు సార్ అవన్నీ," అన్నాడు మేస్త్రి గట్టిగా. "నేను ఒప్పుకుంటున్నాను కదా. ఇంకేం కావాలి మీకు?"

"మీ గుప్పిట్లో ఉన్నది కావాలి."

"పాత ప్లగ్ సార్ ఇది. ఎప్పుడో ఏ బండిదో తీసి దీనికి పెట్టాను. దీని రంగు పాత రంగు. దాన్ని బట్టి ఏం చెప్పగలరు?"

రంగు సంగతి ఇన్‌స్పెక్టర్ ఎత్తనే లేదు. ఆ మాట జారిందని మేస్త్రికి కూడా తెలిసింది. వచ్చి ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకున్నాడు. మాట గుసగుసలోకి దిగింది, కానీ ఆ చిన్న షెడ్డులో అందరికీ వినిపించింది.

"నా పేరే ఉండనివ్వండి సార్. నాకు వెనకా ముందూ ఎవరూ లేరు. మా చెల్లికి ఇంక మిగిలింది ఒక్కడే."

"అన్నయ్యా."

తల్లి. నిన్నటి నుంచి ఆమె అన్నతో మాట్లాడిన మొదటి మాట అది.

"ఆ చెయ్యి తెరువు."

"నీకెందుకమ్మా ఇవన్నీ. నువ్వు ఇంటికెళ్ళు."

"తెరువు అన్నయ్యా."

ఆమె దగ్గరికి వచ్చి ఆ వేళ్ళని ఒక్కొక్కటే విప్పింది. మేస్త్రి ఆపలేకపోయాడు. ప్లగ్‌ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, అన్న చూసినట్టే వెలుతురులో పెట్టి చూసింది.

"కాఫీ రంగు," అంది.

"పాతదమ్మా అది..."

"ఫుల్ థ్రాటిల్‌లో ఒక్క రౌండు తిరిగితే పాత రంగు నిలుస్తుందా? పెట్రోలు తక్కువై పట్టేసిన ఇంజన్ ప్లగ్ సున్నం వేసినట్టు తెల్లగా ఉండాలి. నాన్న దగ్గర పని నేర్చుకున్నది నువ్వొక్కడివే అనుకుంటున్నావా? నువ్వు బళ్ళు విప్పుతుంటే ప్లగ్‌లు కడిగింది ఎవరు?"

మేస్త్రి తల వాల్చేశాడు.

"అమ్మ చెప్పింది నిజం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పిడుగు పడిపోయిన క్షణంలోనే ఇంజన్ ఆగింది. ఆ క్షణం వరకు లోపల ఎలా మండిందో ఆ రంగే చెబుతుంది. కార్బ్యురేటర్ పెద్దదే, మేస్త్రి గారికి ఇష్టం లేనిదే. అయినా జెట్ సరైనది వేశారు. కళ్ళు ఆనకపోయినా ఆ చేతులు తప్పు చెయ్యలేదు. ఇంజన్ పట్టేయలేదు. పట్టేయని ఇంజన్ పట్టేసిందని ముందుగా ఎవరన్నారు?"

అందరూ చిన్నోడి వైపు చూస్తున్నారు. తల్లి మాత్రం చూడలేదు. ఆమె ఇంకా కిటికీ వైపే తిరిగి ఉంది.

"చెప్పరా," అంది అలాగే.

చిన్నోడు జాకెట్ లోపలి జేబులోకి చెయ్యి పెట్టాడు. ఒక ఇత్తడి ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. చిన్న చప్పుడైంది.

"అన్న మలుపుల్లో లైన్ ఎలా పట్టుకుంటున్నాడో వెనకే వెళ్ళి చూద్దామనుకున్నానమ్మా. అడ్డదారిలోంచి ట్రాకెక్కాను. ఇంకా దూరంలో ఉన్నాడనుకున్నా. ఆ కొత్త కార్బ్యురేటర్‌తో స్ట్రెయిట్‌లో అంత స్పీడు వస్తాడని... నేను మధ్యలో ఉన్నాను. నన్ను తప్పించబోయి గట్టెక్కేశాడు."

"ఒకడు ట్రాకు మీదుంటే రెండోవాడు దిగకూడదని నేను మీ ఇద్దరికీ ఎన్నిసార్లు చెప్పాన్రా," అన్నాడు మేస్త్రి. కోపం లేదు ఆ మాటలో. ఏడుపుంది.

"భయమేసింది మామయ్యా. నీకు కళ్ళు ఆనట్లేదని నాకు తెలుసు. జెట్ మారితే అందరూ పొరపాటనుకుంటారు, నిన్ను ఎవరూ ఏమీ అనరు అనుకున్నా. నిన్ను లాకప్‌లో వేస్తారని అనుకోలేదు."

"వేశాక?" అంది తల్లి. ఇప్పుడు తిరిగింది. "వేశాక ఎందుకు చెప్పలేదు?"

చిన్నోడు బల్ల మీది ఇత్తడి ముక్కని వేలితో దూరంగా జరిపాడు.

"అన్నకి అడ్డమెళ్ళింది పొరపాటని నేను నమ్ముతాన్రా. నీకంటే ముందు నేనే నమ్ముతాను. కానీ మీ మామయ్యని లోపల కూర్చోబెట్టి, నా పక్కన కూర్చుని, మామయ్య ఎంత పని చేశాడమ్మా అని రాత్రి నన్ను ఓదార్చావు చూడు. అది పొరపాటు కాదు."

చిన్నోడు మొహం చేతుల్లో దాచుకుని భోరుమన్నాడు. షావుకారు చల్లగా బయటికి జారుకున్నాడు. హెడ్ కానిస్టేబుల్ బేడీల కోసం నడుము తడుముకున్నాడు. ఇన్‌స్పెక్టర్ వద్దని తల అడ్డంగా ఊపాడు.

తేలిన కేసు ఆయనకి ఎప్పుడూ కొంత సంతోషం ఇస్తుంది. ఈసారి ఇవ్వలేదు. ఈ తల్లి నిజం అడిగింది, నిజమే ఇచ్చాడు. అన్న మీద అసహ్యం తీసేసి, దానికి బదులు కొడుకుని పట్టుకుపోతున్నాడు. టోపీ సర్దుకున్నాడు.

తల్లి చీర కొంగుతో కొడుకు మొహం తుడిచింది. జబ్బ పట్టుకుని తలుపు వైపు నడిపించింది. "స్టేషన్‌కి నేను తీసుకొస్తాను సార్. జీపు వెనక నడిచొస్తాం. పారిపోడు."

"సరేనమ్మా."

గడప దాటబోయి ఆగింది. మేస్త్రి ఇంకా షెడ్డు మధ్యలోనే నిలబడి ఉన్నాడు. ఇంటికి పొమ్మంటుందో, మొహం చూపించొద్దంటుందో తెలియని మనిషిలా చేతులు వేలాడేసుకుని.

"నువ్వూ రా అన్నయ్యా," అంది. "వీణ్ణి అక్కడ వదిలేసి ఒక్కదాన్నే తిరిగి రాలేను."

మేస్త్రి చేతులు ప్యాంటుకి తుడుచుకుని, వాళ్ళ వెనక బయల్దేరాడు.